ఆరున్నర మార్కులు

మా ఊళ్ళో కాగు ఒక్కటే.
రాగిది, ఊరందరిదీ.
చర్చి వెనక పెంకుటింట్లో, కట్టెల పొయ్యి మీద.
నెలకోసారి మంట వేస్తారు.
ఆ పూట బయట బట్టలారేసుకున్నవాళ్ళకి
వారం దాకా దుప్పట్లో బార్లీ వాసన.

తెల్లారి, చల్లారిన రసాన్ని
ట్రాక్టర్ల మీద డ్రమ్ములకెత్తి
ఎవరింటికి వాళ్ళు తీసుకుపోతారు.
అదే నీళ్ళు, అదే మాల్టు, అవే హాప్స్ పువ్వులు.
ఆ తర్వాత సంగతి
నేలమాళిగలకి వదిలేయాలి.

ఎవరి పీపా పండితే వాళ్ళు
గుమ్మం పైన కర్రకి ఆరు కోణాల నక్షత్రం కడతారు.
అది ఊగినన్నాళ్ళూ ఆ ఇంటి వంటగది ఊరిది.
పీపా అడుగంటితే
నక్షత్రం మేకుతో సహా లోపలికి.

నా పేరు ఎర్హార్ట్. బడి బస్సు నడుపుతాను.
బస్సు షెడ్డులో పెట్టాకే నాలుకకి డ్యూటీ.
పాత టైమ్‌టేబుల్ పుస్తకం వెనక పేజీల్లో
పదకొండేళ్ళుగా మార్కులేస్తున్నాను.

ట్రెట్టర్లు: ఎనిమిది. రొట్టె పెచ్చు రుచి.
చేదు చివర్న వచ్చి, మర్యాదగా సెలవు తీసుకుంటుంది.
ఉల్మర్లు: ఏడు. మడ్డి ఎక్కువ, మనుషులు మంచివాళ్ళు
(మనుషులకి మార్కులు కలపలేదు).
ప్రెల్ తాత: ఒక్కోసారి తొమ్మిది, ఒక్కోసారి మూడు.
పట్నంలో మా బావమరిది ఫైట్
గ్యారేజీలో కాచి డబ్బాల్లో పోసినది:
మామిడిపండు, మిరియాలు, డబ్బా మీద ఆక్టోపస్.
ఆరు. అందులో రెండు ఆక్టోపస్‌కి.

రోజ్విథా ఇల్లు: ఎప్పుడూ ఆరున్నర.
ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువ.

మొన్న మార్చిలో ఆ పుస్తకం
ఆవిడ బల్ల మీదే మర్చిపోయాను.
తొమ్మిదో రోజున
బస్సు అద్దం మీద కొట్టి కిటికీలోంచి అందించింది.
ఏమీ అనలేదు.
వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటున్నారు.

షెడ్డులో విప్పి చూస్తే
మార్జిన్ల నిండా పెన్సిలు.

నేను: "ఆరున్నర. పచ్చి ఆపిల్ పులుపు. తొందరపడ్డారు."
పక్కన: "ఆల్బన్‌కి ఆపరేషన్. మూడు రాత్రులు
మాళిగలోకి దిగలేదు. తొందర కాదు."

నేను: "అయిదు. నురగ నిలవలేదు."
పక్కన: "గ్లాసులు మా ఊట కడిగింది. దానికి పదేళ్ళు.
సబ్బు దండిగా వాడింది. నురగ నాది, సబ్బు దానిది."

నేను: "ఏడు. ఈసారి బాగుంది. కారణం తెలీదు."
పక్కన: "నాకూ తెలీదు."

ఇలా పేజీ పేజీకీ.
తడిసిన గోడ, తెగిన గొట్టం,
ఎలుక, ఎండ,
ఒక చోట ఒట్టి గీత, ఏమీ రాయకుండా.

చివరికి ట్రెట్టర్ల పేజీ.
నేను రెండుసార్లు గీసి రాసుకున్న తొమ్మిదిన్నర,
ఈ జన్మకి ఇదే పై మెట్టు అని కూడా రాసుకున్నది.
పక్కన, చిన్న అక్షరాల్లో:
"ఆ నెల వాళ్ళ పీపా కారిపోయింది.
నాది అరువిచ్చాను.
ఎవరికీ చెప్పొద్దన్నారు, అందుకే పెన్సిలు."

చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను,
ఇంజను ఆపేసి ఉన్నా.
నా నాలుక మీద నాకు నమ్మకం ఉండేది.
అది గుమ్మం మీది పేరు చదివి
రుచి చెప్పిందని ఎలా ఒప్పుకోను?

ఈ శుక్రవారం ఆవిడ గుమ్మానికి నక్షత్రం.
వెళ్ళాను. పుస్తకం తీసుకెళ్ళలేదు.
ఆల్బన్ కుర్చీలో పిల్లి.
గ్లాసు పెట్టి, ఎదురుగా నిలబడి,
చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ చూసింది.

తాగాను.
మళ్ళీ తాగాను.
"కొంచెం పులుపు," అన్నాను.

"తెలుసు," అంది రోజ్విథా,
నా గ్లాసు ఖాళీ కాకముందే
ఇంకోటి నింపడానికి తిరుగుతూ.